అత్తగారూ, ద్వివచనమూ

మా ఆఫీసులో ముగ్గురం పని చేస్తాం. నాలుగోది అత్తగారు.

అత్తగారంటే మనిషి కాదు. మేం రాసిన కోడ్ చదివి వంకలు పెట్టే ఒక సాఫ్ట్‌వేర్. ప్రోగ్రాంని ఒక్కసారి కూడా నడిపి చూడదు, రాతని మాత్రం అక్షరం వదలకుండా చదువుతుంది. కూర రుచి చూడకుండా వంటగది గుమ్మంలో నిలబడి, ఈ గిన్నె ఇక్కడెందుకుంది, ఆ డబ్బాకి మూతేది, ఒకే పప్పు రెండు డబ్బాల్లో ఎందుకు పోశారు అని అడిగే మనిషిని ఏమంటారు? మా ముగ్గురిలో ఒకడైన వాల్టెర్ మొదటి రోజే ఆ పేరు పెట్టేశాడు. అతను మా ఆఫీసున్న త్సెల్యేలోనే పెళ్ళామింట ఇల్లరికం ఉంటాడు కాబట్టి ఆ విషయంలో అతని మాటకి తిరుగులేదు.

బాధేమిటంటే ఆవిడ చెప్పేవి చాలావరకు నిజాలే. మా ప్రోగ్రాం ఇరవై ఏళ్ళుగా పెరుగుతూ వచ్చింది. మా సావిన్యా లోయలో ఎవరు పోయినా ఆ కబురు దాని గుండానే వెళ్తుంది. అంత్యక్రియల ఆఫీసువాళ్ళు పోయినవారి పేరు, ఊరు, వెనక మిగిలినవాళ్ళ లెక్క కొడతారు. మా ప్రోగ్రాం వాటిని వాక్యాలుగా కూర్చి మరణవార్తల సైటుకీ, మధ్యాహ్నం రేడియోలో చదివేవాళ్ళకీ పంపుతుంది. పని బాగానే చేస్తుంది. లోపలికి తొంగిచూస్తే మాత్రం దేవుడు కనిపిస్తాడు. ఒక షరతు లోపల ఇంకో షరతు, దాని కడుపులో మరోటి. ఎప్పుడో వాడటం మానేసిన ముక్కలు అటక మీది పాత సామానులా అలాగే పడి ఉన్నాయి. ఇవాళ్టికి నడుస్తుంది గానీ, రేపు ఎవరైనా దిద్దబోతే ఎక్కడ చెయ్యి పెడితే ఏది కూలుతుందో చెప్పలేం. అత్తగారి గొడవంతా దాని గురించే. న్యాయమైన గొడవే. కాకపోతే నాకు యాభై తొమ్మిదేళ్ళు వచ్చాయి, న్యాయమైన మాటలు వినే ఓపిక అయిపోయింది.

మమ్మల్ని కొత్తగా కొనుక్కున్న వియన్నా కంపెనీవాళ్ళు ఓపిక ఉందా అని నన్నడగలేదు. వాళ్ళ దగ్గర ప్రతి ప్రోగ్రాంకీ అత్తగారు వేసే గ్రేడు ఉంటుంది. మాకు డి వచ్చింది. నెల గడువిచ్చి, ఆ ఆఖరి శుక్రవారానికల్లా బి రాకపోతే మా ప్రోగ్రాం మూసేసి, ఈ లోయకి కూడా వాళ్ళదే పెడతామన్నారు. అందులో మా భాష తర్వాత చేరుస్తారట. మమ్మల్ని ముగ్గుర్నీ ఎక్కడ చేరుస్తారో చెప్పలేదు.

అందుకని నెల రోజులుగా నేనూ వాల్టెరూ ఇల్లు తుడుస్తున్నాం. పొద్దున్నే రావడం, అత్తగారు రాత్రంతా కూర్చుని తేల్చిన తప్పుల పట్టీ తెరవడం, ఒక్కొక్కటీ కడగడం.

"ఏటక్కా, ఇయ్యాల కూడా మొదలెట్టీసిందా?" అనేవాడు వాల్టెర్ కోటు విప్పుతూ.

"ఆవిడ పడుకుంటే కదా నాయనా మొదలెట్టడానికి."

మా పై అధికారి తాదేయ్ గంటకోసారి వచ్చి మా వెనక నిలబడేవాడు. ముప్ఫై అయిదేళ్ళవాడు, చెడ్డవాడు కాదు, భయస్తుడు. "సీ వచ్చిందాండీ?" అని ఆస్పత్రిలో జ్వరం అడిగినట్టు అడిగేవాడు. సీ వచ్చింది. గడువుకి వారం ముందు, శుక్రవారం సాయంత్రం, బి కూడా వచ్చింది. తాదేయ్ ముగ్గురికీ కేకు తెప్పించాడు. నేను కేకు తినకుండా బల్ల మీద తల పెట్టుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాను.

ఆ బి తెచ్చిపెట్టింది వాల్టెర్ చేసిన చివరి మార్పు. పదాల చివర్లు చూసుకునే భాగం మీద అత్తగారికి మొదట్నించీ కోపం. అక్కడ ఒకేలాంటి ముక్కలు వరసగా ఉన్నాయి, రెంటినీ కలిపి ఒకటి చెయ్యండి అంటుంది. మాకు ఏకవచనానికీ బహువచనానికీ మధ్య ద్వివచనం ఉంది. ఒక కూతురుంటే ఒక చివర, ఇద్దరుంటే ఒక చివర, అంతకు మించితే ఇంకో చివర. కూతుళ్ళిద్దరూ అనడానికీ కూతుళ్ళందరూ అనడానికీ మాకు తేడా ఒక్క అక్షరమే. ఒక్క అక్షరం తేడా ఉన్న రెండు ముక్కలు అత్తగారి కంటికి ఒకే పప్పు పోసిన రెండు డబ్బాలు.

వాల్టెర్ రెండూ కలిపేశాడు. అతను చేసినది సరిచూడాల్సింది నేను. ఆ రోజు మార్పులు చాంతాడంత పొడవున్నాయి. చూశాను అనడానికి చూశాను. సరే అని నొక్కాను.

బుధవారం పొద్దున దారింకా అనే ఆవిడ వచ్చింది. అరవై దాటిన మనిషి, నల్ల కోటు, బస్సు దిగి గబగబా నడిచొచ్చిన ఆయాసం. బ్రాస్లోవ్‌చె నుంచి వచ్చానంది. వాళ్ళ నాన్న అలోయ్జ్ ఆదివారం పోయాడు. గురువారం ఖననం. అంత్యక్రియల ఆఫీసుకి వెళ్తే, మేం మీరు చెప్పినట్టే కొట్టాం, రాసింది ప్రోగ్రామే అని ఇక్కడికి పంపారట.

"నిన్న రేడియోలో ఏం చదివారో తెలుసా మీకు?" అంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "భార్యా, కూతుళ్ళందరూ, వారి కుటుంబాలూ దుఃఖిస్తున్నాం అని చదివారు. అందరూ ఏమిటండీ? మేం ఇద్దరమే. నేనూ, మా చెల్లెలు జ్వోంకా. పేర్లు వేయించుకోవడం మా నాన్నకి గిట్టదు, అందుకని వెయ్యలేదు. వేసినా బాగుండేది."

"అయ్యో, కూర్చోండి ముందు."

"కూర్చోడానికి రాలేదు. పొద్దున రొట్టెల కొట్టు దగ్గర ఒకావిడ నన్ను పట్టుకుని, మూడో అమ్మాయి కూడా వస్తోందా అని అడిగింది. నవ్వుతూ అడిగింది. ఇలాంటిది దొరికితే మా ఊరికి పండగ. వాళ్ళని వదిలెయ్యండి. మా అమ్మ ఆ వార్త విని రేడియో కట్టేసింది. నాకు తెలుసు అంది. ఏం తెలుసమ్మా అంటే మాట్లాడదు. రాత్రి అన్నం ముట్టలేదు. ఎనభై మూడేళ్ళు ఆవిడకి. రేపు మొగుణ్ణి మట్టిలో పెట్టాలి."

నాకు అప్పటికే అర్థమైపోయింది. కోడ్ తెరిచి చూస్తే కూతుళ్ళ దగ్గర రెండో ముక్క లేదు. కొడుకుల దగ్గర ఉంది. కొడుకులిద్దరూ క్షేమంగా ఇద్దరుగానే ఉన్నారు.

"వాల్టెర్, కొడుకుల్ని వదిలేసి కూతుళ్ళని ఎందుకు కలిపావు?"

వాల్టెర్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "తేడా ఏటుందక్కా ఇందులో?" అన్నాడు. అతను నిజంగానే అడిగాడు. "మా కాడ ఆడోళ్ళిద్దరొచ్చినా పదిమందొచ్చినా మాట ఒకటే. మగోళ్ళకైతే వేరే అంటాం." అని దారింకా మొహం చూసి ఆగిపోయాడు. అతనిది కోపర్ పక్క, సముద్రపు ఊరు. అక్కడి ఇళ్ళలో ఆడవాళ్ళకి ద్వివచనం ఎప్పుడో అరిగిపోయింది. బళ్ళో నేర్చుకుంటారు, పరీక్ష రాస్తారు, ఇంటికొచ్చి మర్చిపోతారు. అత్తగారు ఈ రెండూ ఒకటే కదా అంటే, అతని చెవికీ ఒకటిగానే వినిపించాయి. నా చెవికి వినిపించి ఉండాల్సింది, నేను చెవి పెట్టలేదు. ప్రోగ్రాంని పరీక్షించడానికి మేం పెట్టుకున్న ఉత్తుత్తి కుటుంబాల్లో ఒక కూతురున్న ఇల్లుంది, అయిదుగురున్న ఇల్లుంది. ఇద్దరున్న ఇల్లు లేదు.

"అంటే మిషను తప్పా?" అంది దారింకా.

"మిషనుది కాదండీ. మాది."

"అయితే ఆ మాట మా అమ్మకి చెప్పండి. నేను చెప్తే నమ్మడం లేదు." ఫోను కలిపి నా చేతిలో పెట్టింది.

ఆవిడ పేరు ష్తెఫ్కా. అమ్మా, నేను ఆ వార్త రాసే ప్రోగ్రాం ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను, మా వల్ల ఒక అక్షరం తప్పు పడింది, మీకు ఇద్దరే అని మాకు తెలుసు, మధ్యాహ్నం సరిదిద్ది చదివిస్తాం అని చెప్పాను. అటువైపు గోడ గడియారం చప్పుడు వినిపించింది.

"నువ్వు రాయలేదుగా అమ్మా," అంది చివరికి.

"లేదండీ, ప్రోగ్రాం రాసింది."

"మనుషులెవరూ రాయలేదు. మరి దానికెలా తెలిసిందంటావ్?"

క్షమించండి అన్నాను. ఆవిడ ఫోను పెట్టేసింది. ఆవిడ ఏమందో దారింకాకి చెప్పలేదు. అమ్మ విన్నారు అని మాత్రం చెప్పాను. ఆ మధ్యాహ్నం రేడియోలో సవరణ చదివారు. నిన్నటి వార్తలో పొరపాటు, అలోయ్జ్ గారికి కూతుళ్ళిద్దరూ అని సవరించుకోవాలి అని. దారింకా మా ఆఫీసులోనే నిలబడి విని, థాంక్సు చెప్పి బస్సుకి వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళగానే తాదేయ్ తలుపు వేశాడు.

"ఆ వార్త దిద్దేశారుగా. ఇంక కోడ్ జోలికి వెళ్ళకండి నేవెంకా గారూ. శుక్రవారం వియన్నావాళ్ళు చూసేదాకా ఆగండి. ఆ ముక్క మళ్ళీ పెడితే మనం సీకి పడిపోతాం."

"అలాగే బాబూ. శుక్రవారం దాకా ఇద్దరు కూతుళ్ళున్నవాళ్ళెవరూ ఈ లోయలో చావకూడదని ఊరూరా చాటింపు వేయించనా?"

"అలాంటివి చేత్తో దిద్దుకోవచ్చు."

"ఎవరి చేత్తో? రాత్రి పదకొండుకి ఎవరైనా పోతే అంత్యక్రియల ఆఫీసువాళ్ళు నీకు ఫోను చేస్తారా?"

తాదేయ్ కుర్చీలో కూలబడ్డాడు. "నాకు ఇంటి అప్పుంది," అన్నాడు. "వాల్టెర్‌కి ఇద్దరు పిల్లలు. మీరు రేపో మాపో పెన్షను తీసుకుంటారు."

ఆ మాట తగిలింది. కోపం రాలేదు, ఎందుకంటే అది నిజం. అతని మీద జాలేసింది, నా మీద ఇంకొంచెం ఎక్కువ వేసింది. అయినా రెండో ముక్కని దాని చోట పెట్టేశాను. ఇద్దరు కూతుళ్ళున్న ఒక ఉత్తుత్తి ఇంటిని కూడా పరీక్షల్లో చేర్చాను. అత్తగారు వెంటనే మూతి తిప్పింది. ఫలానా చోట మాట్లాడకు అని ఆవిడకి చెప్పే వీలుంది, కానీ వియన్నావాళ్ళ రూలు ప్రకారం ఎందుకు మాట్లాడకూడదో పక్కన కారణం రాయాలి. రెండు అంటే అనేకం కాదు అని రాశాను. తాదేయ్ నా భుజం మీంచి చదివి, "ఇదొక కారణమా," అన్నాడు. ఇంతకంటే నాకు రాదు అన్నాను.

శుక్రవారం వియన్నావాళ్ళు చూశారు. ఈ కారణం అర్థం కాలేదు, మీ భాష తెలిసిన మనిషిని వెతికి అడుగుతాం, అప్పటిదాకా నిర్ణయం ఆపుతున్నాం అని రాశారు. వాల్టెర్ దాన్ని మంచి వార్త అన్నాడు. తాదేయ్ చెడ్డ వార్త అన్నాడు. నాకు ఇంటికెళ్ళి పడుకోవాలనిపించింది.

సోమవారం దారింకా మళ్ళీ వచ్చింది. ఈసారి కుర్చీ చూపించకుండానే కూర్చుంది. మా దగ్గర ఖననం అయ్యాక, వచ్చినవాళ్ళకీ, పూలు తెచ్చినవాళ్ళకీ, పాడినవాళ్ళకీ కుటుంబం తరఫున కృతజ్ఞతల ప్రకటన వేస్తారు. అంత్యక్రియల ఆఫీసులో వెయ్యాల్సింది, ఆవిడ నా దగ్గరికే తెచ్చింది.

"మళ్ళీ ఏమైనా తప్పు పడిందా?" అన్నాను భయంగా.

"లేదు." చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని దాని పట్టీ పిసుకుతోంది. "సిల్వా అని ఒకావిడ వచ్చింది శ్మశానానికి. ఇక్కడే, మీ త్సెల్యేలోనే, ఆస్పత్రి లాండ్రీలో పని చేస్తుందట. మంగళవారం మధ్యాహ్నం దుప్పట్లు మడతపెడుతూ రేడియో విందట. కూతుళ్ళందరూ అని."

నేను కుర్చీ ఆవిడ వైపు తిప్పుకున్నాను.

"బుధవారం కూడా విందట. అందరూ మట్టి వేసి వెళ్ళాక ఆఖర్న వచ్చింది అమ్మ దగ్గరికి. చెయ్యి పట్టుకుని అడిగింది. మంగళవారం నన్ను కలిపారు, బుధవారం తీసేశారు. ఒక్క రోజులో నేనేం తప్పు చేశానండీ అని."

వాల్టెర్ టైపు చెయ్యడం ఆపేశాడు. ఆ సవరణ పంపింది నేను. తప్పుని దిద్దానని ఆ వారమంతట్లో నేను ధైర్యంగా చెప్పుకోగల పని అదొక్కటే.

"అమ్మ ఏమంది?"

"వయసెంత అని అడిగింది. యాభై రెండు అంది ఆవిడ. అమ్మ అలా నిలబడి వెనక్కి లెక్కేసుకుంది. నాకూ లెక్క తెలిసింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. బీరులో వేసే హాప్ కాయల కోత ఆ ఏడు ఎంతకీ తెమలలేదు, నాన్న ఆరబెట్టే కొట్టంలోనే పడుకునేవాడు. అన్నం నేనే పట్టుకెళ్ళేదాన్ని. గోతాలు కుట్టడానికి హాలోజె కొండల నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉండేది, నా జడ అల్లి పంపేది. నాకు ఆవిడంటే ఇష్టంగా ఉండేది." దారింకా మొహం పక్కకి తిప్పుకుంది. "ఈ సిల్వా ఆవిడ కూతురట."

నేను మంచినీళ్ళ గ్లాసు ఆవిడ ముందుకి జరిపాను.

"అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. పద, సూపు చల్లారిపోతుంది అంది. అంతే. తీసుకెళ్ళి భోజనాల దగ్గర నా పక్కన కూర్చోబెట్టింది. జ్వోంకా లేచి వెళ్ళిపోయింది. నేను లేవలేదు గానీ ఒక్క చెంచా కూడా దిగలేదు. ఆ సిల్వా మాత్రం తల ఎత్తకుండా గిన్నె అంతా తాగింది. వెళ్ళేటప్పుడు బాగుందండీ సూపు అంది అమ్మతో."

"మీకు కోపంగా ఉందా?"

"ఉండదా? ఆవిడ మీద కాదు. ఎవరి మీదో తెలీదు. మీ మీద కూడా ఉంది." మామూలుగానే అంది ఆ మాట. "మీరసలు తప్పు చెయ్యకపోతే నాకీ గొడవ తెలిసేది కాదు. చేశాక దిద్దకపోయుంటే ఆవిడకి ఆ బుధవారం ఉండేది కాదు. ఇంట్లో పడుకుని ఇదే ఆలోచిస్తున్నాను. మిమ్మల్ని ఏ తప్పుకి తిట్టాలో తేలడం లేదు."

"నాకూ తేలడం లేదండీ," అన్నాను. నిజంగానే తేలలేదు. మేం చేసిన తప్పు ఒక ముసలావిడకి తిండి లేకుండా చేసింది. దాన్ని దిద్దితే ఇంకొకావిడ రెక్క పట్టుకుని బయటికి లాగినట్టయింది. నా జీవితంలో నేను రాసిన కోడ్‌లో ఏ గీత ఎవరింట్లో ఏం చేసిందో ఇన్నాళ్ళూ చూడకుండానే బతికాను. చూడకుండా ఉండటమే సుఖం అనిపించింది, అలా అనిపించినందుకు సిగ్గేసింది.

"ఇప్పుడీ ప్రకటనలో అమ్మ ముగ్గురని వెయ్యమంటోంది," అంది దారింకా. "జ్వోంకా వేస్తే ఇంక గడప తొక్కనంటోంది. అమ్మేమో, తొక్కకపోతే మానె, ఎక్కడున్నా చల్లగా ఉండమను అంది. సంతకం పెద్దకూతురిగా నాది. మీరు దిద్దినదాన్ని మళ్ళీ పాడు చెయ్యగలరా, మొదటిసారి పడ్డట్టు పడేలా?"

"పాడు చెయ్యక్కర్లేదండీ. ఇప్పుడు ప్రోగ్రాం సరిగ్గానే ఉంది. మీరు ఎంతమందంటే దానికి తగ్గ చివర అదే వేస్తుంది."

పోయినవారి వివరాల పేజీ తెరిచాను. కూతుళ్ళు అన్న గడిలో రెండు అని ఉంది. మూడు వెయ్యనా అన్నట్టు ఆవిడ వైపు చూశాను. ఆవిడ తల అడ్డంగా తిప్పింది. కుర్చీ ముందుకి జరుపుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్క వేలితో రెండుని చెరిపింది. ఖాళీ గడి వైపు చాలాసేపు చూసింది. "నా జడ చాలా బాగా అల్లేది," అని తనలో తనే అనుకుని, మూడు కొట్టింది.

తెర మీద వాక్యం మారింది. భార్యా, కూతుళ్ళందరూ కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాం. ఆవిడ దాన్ని పెదాలు కదుపుతూ చదివింది. మంగళవారం మేం తప్పుగా వేసిన మాటే అది, అక్షరం తేడా లేదు. దారింకా మళ్ళీ ఒకసారి చదువుకుని, సరిగ్గానే ఉంది, పంపండి అంది.